కేబుళ్లన్నీ డిక్కీలోనే ఉండాయి తాతా!

పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కుదరదు, పెళ్లి కుదిరితే గానీ పిచ్చి కుదరదు అని మన పెద్దవాళ్లు ఎప్పుడో అన్నారు. ఆ మాట నేటి కార్లకు అతికినట్టు సరిపోయే సందర్భం ఒకటుంది. బ్యాటరీ దిగిపోయింది. బండి లేవాలంటే జంపర్ కేబుళ్లు కావాలి. కేబుళ్లు డిక్కీలో ఉన్నాయి. డిక్కీ తెరుచుకోవాలంటే కరెంటు కావాలి. ఆ కరెంటు ఇవ్వాల్సింది దిగిపోయిన బ్యాటరీయే. కొన్ని ఖరీదైన కార్లలోనైతే బరువు ముందూ వెనకా సమంగా పంచడానికని బ్యాటరీని కూడా డిక్కీలోనే పెడతారు. అప్పుడు మన సామెతకు ఇంకో ముడి పడుతుంది.

చిక్కబళ్లాపురం, బాగేపల్లి, చింతామణి వైపు ఈ చిక్కు తరచుగా వస్తుంది. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం నేర్చిన మా పిల్లలు పనులకు బెంగళూరు చేరారు. బాగేపల్లి నుంచి 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కితే నూరు కిలోమీటర్లు, అంతే. వారమంతా అక్కడ మెట్రోలోనో ఆఫీసు బస్సులోనో తిరుగుతారు, కారు ఊళ్లో వేపచెట్టు కింద నిలబడి ఉంటుంది. ఏ కైవారంలోనో పెళ్లి కుదిరినప్పుడు, గడిదం వెంకటరమణస్వామి గుడికి పోవాలనుకున్నప్పుడు దాని మీది కవరు తీస్తారు. అప్పటికే బ్యాటరీ దిగిపోయి ఉంటుంది. బడిలో సైన్సు చెప్పినవాణ్ని కాబట్టి కబురు నాకు వస్తుంది.

మొన్న ఎండాకాలం చింతామణిలో మా చెల్లెలి మనవడు అట్లాగే వచ్చి నిలబడ్డాడు.

"తాతా, డిక్కీ తెరుచుకోవడం లే. కేబుళ్లన్నీ దాంట్లోనే ఉండాయి. రిమోట్ నొక్కితే ఉలుకూ లే, పలుకూ లే."

"సెల్ఫ్ ఎన్ని తూర్లు కొట్టినావప్పా?"

"బండి పూర్తిగా పడుకునేదాకా కొట్టినా తాతా. మొదట్లో టకటకటక అనింది. తర్వాత అదీ లే."

ఆ టకటక చప్పుడు విన్నప్పుడు ఏం చేయాలో పిల్లలకు ఎవరూ చెప్పరు. డిక్కీ సంగతి సగం అక్కడే తేలిపోతుంది, కాబట్టి ముందు దాన్ని కాస్త నిదానంగా చూద్దాం.

కారు బ్యాటరీలో ఆరు గదులుంటాయి. ఒక్కో గదిలో సీసపు పలకలు, సీసం డయాక్సైడు పలకలు గంధకామ్లంలో మునిగి ఉంటాయి. ఫ్రాన్సులో గస్తోన్ ప్లాంటే అనే ఆయన 1859లో చేసి చూపించిన ఏర్పాటు ఇది. ఇన్నేళ్లయినా దీని మూలసూత్రం మారలేదు. ఒక్కో గది ఇచ్చేది 2.1 వోల్టులు. ఆరు గదులు వరసగా కలిపితే 12.6. నిండు బ్యాటరీకి, కాసేపు ఊరకే ఉంచిన తర్వాత, మల్టీమీటరు పెడితే చూపేది ఈ అంకెనే. 12.2 చూపిస్తే సగం అయిపోయిందని అర్థం. 11.8 అంటే దాదాపు ఖాళీ. కరెంటు వాడేకొద్దీ రెండు రకాల పలకల మీదా లెడ్ సల్ఫేటు పేరుకుంటుంది, ఆమ్లం పలచబడి నీళ్లవుతూ ఉంటుంది. మళ్లీ ఛార్జింగు పెడితే ఆ సల్ఫేటు కరిగి ఎక్కడిదక్కడికి చేరుతుంది. చాలాకాలం ఖాళీగా వదిలేస్తే మాత్రం ఆ సల్ఫేటు గట్టి స్ఫటికాలై కూర్చుంటుంది, ఇక కదలదు.

ఇప్పుడు టకటక సంగతి. ప్రతి బ్యాటరీకీ లోపల కొంత నిరోధం ఉంటుంది. మంచి బ్యాటరీకి అది ఓమ్‌లో నూరో వంతు అనుకోండి. ఇంజన్ తిప్పే సెల్ఫ్ మోటారు నూట యాభై ఆంపియర్ల దాకా లాగుతుంది. 150ని 0.01తో గుణిస్తే 1.5 వోల్టులు. అంత మాత్రమే లోపల ఖర్చయి, మిగిలిన 11 వోల్టులు మోటారుకు అందుతాయి. ముసలి బ్యాటరీలో, దిగిపోయిన బ్యాటరీలో ఆ నిరోధం ఐదింతలు కావచ్చు. అప్పుడు అదే 150 ఆంపియర్లు లాగబోతే 7.5 వోల్టులు లోపలే హరించుకుపోతాయి. సెల్ఫ్ దగ్గరుండే సోలెనాయిడ్ స్విచ్చు ముందు అంటుకుంటుంది, అంటుకున్న మరుక్షణం మోటారు కరెంటు లాగడంతో వోల్టేజి పడిపోతుంది, స్విచ్చు వదిలేస్తుంది. వదలగానే వోల్టేజి లేస్తుంది, మళ్లీ అంటుకుంటుంది. టకటకటక అన్నది అదే. చేతికర్ర పట్టుకుని ఇల్లంతా తిరిగే తాత వేరుశనగ మూట ఎత్తలేనట్టు, ఈ బ్యాటరీ చిన్న పని చేయగలదు, పెద్ద పని చేయలేదు.

డిక్కీ తెరవడం చిన్న పని. దాని మోటారుకు ఐదు ఆంపియర్లు అనుకుందాం, అర సెకను చాలు. 12 వోల్టులతో లెక్కిస్తే 30 జౌళ్ల శక్తి. సెల్ఫ్ మూడు సెకన్లు కొడితే, పది వోల్టుల దగ్గర, 4,500 జౌళ్లు. అంటే సెల్ఫ్ ఒక్కసారి కొట్టే ఖర్చుతో డిక్కీ నూట యాభై సార్లు తెరవచ్చు. అందుకని టకటక వినగానే తాళంచెవి తిప్పడం ఆపండి. దిగి వెళ్లి ముందు డిక్కీ తెరిచి, కేబుళ్లు, జాకీ, స్టెప్నీ, పానాలు ఏవి కావాలంటే అవి బయట పెట్టుకోండి. ఆ తర్వాత మీ ఇష్టం. ఇంకోసారి సెల్ఫ్ కొట్టి చూద్దామన్న ఆశ డిక్కీకి మిగిలిన కరెంటును కూడా తినేస్తుంది.

అప్పటికే పూర్తిగా పడుకున్న బండినైనా అరగంట వదిలేసి చూడటం మంచిది. పలకలు గట్టి దిమ్మలు కావు, సన్నసన్న రంధ్రాలతో ఉంటాయి. జోరుగా కరెంటు లాగినప్పుడు ఆ రంధ్రాల్లోని ఆమ్లం ముందుగా ఖర్చయిపోతుంది. ఊరకే వదిలేస్తే బయటి ఆమ్లం మెల్లగా లోపలికి ఊరుతుంది, వోల్టేజి కాస్త లేస్తుంది. ఆ లేచిన కాస్తను సెల్ఫ్‌కు పెట్టకుండా డిక్కీ బటన్‌కు పెట్టండి. లైట్లు, ఫ్యాను, పాటలు అన్నీ ఆపి, తలుపులు మూసి, ఒకే ఒక్కసారి నొక్కాలి. మా వాడి బండిలో మాత్రం అది కూడా పనిచేయలేదు. వోల్టేజి మరీ దిగిపోతే కారులోని కంప్యూటర్లే మేలుకోవు, మోటారుకు ఆజ్ఞ ఇచ్చేవాళ్లే ఉండరు.

ఇక కరెంటు దారి మూసుకుపోయింది. చేతిదారి వెతకాలి. అది దొరకాలంటే తాళం లోపల ఏముందో తెలియాలి.

ఎవరి డిక్కీ అయినా తెరిచి ఉన్నప్పుడు అంచున చూడండి. ఒక పక్క యు ఆకారంలో వంచిన లావు ఉక్కు కమ్మీ ఉంటుంది. రెండో పక్క, తాళంలో, కొంకి లాంటి చిన్న ఉక్కు ముక్క ఒక ఇరుసు మీద తిరుగుతూ ఉంటుంది. డిక్కీ మూసినప్పుడు కమ్మీ వచ్చి కొంకిని తోస్తుంది, కొంకి గుండ్రంగా తిరిగి కమ్మీని పట్టేసుకుంటుంది. వెంటనే పక్కనున్న ఇంకో చిన్న ముక్క, నాలుక అందాం, స్ప్రింగు బలంతో కొంకి గంటులోకి దిగి దాన్ని వెనక్కి రాకుండా ఆపుతుంది. స్క్రూడ్రైవరుతో కొంకిని మెల్లగా నొక్కి చూడండి, ఠక్ అని ఒకసారి, ఇంకాస్త నొక్కితే మళ్లీ ఠక్ అని ఇంకోసారి వినిపిస్తుంది. మొదటి ఠక్ సగం పట్టు, రెండోది పూర్తి పట్టు. సరిగా మూయని డిక్కీ దారిలో గప్పున ఎగిరిపోకుండా కాపాడేది ఆ మొదటి ఠక్కే. ఇట్లా చూసిన తర్వాత బటన్ నొక్కి కొంకిని మళ్లీ వదిలించకుండా డిక్కీ మూయొద్దు, కమ్మీ వచ్చి మూసిన కొంకికి గుద్దుకుంటుంది.

ఈ మొత్తం ఏర్పాటులో మోటారు చేసే పని ఏమిటి? ఆ నాలుకను కొద్ది మిల్లీమీటర్లు పక్కకు లాగడం. అంతకన్నా ఏమీ లేదు. పట్టి ఉంచేది ఉక్కు, వెనక్కి తిప్పేది స్ప్రింగు. కరెంటు మన వేలి పని చేస్తోంది. కాబట్టి అడగాల్సిన ప్రశ్న ఒకటే: ఆ నాలుక దాకా నా వేలు ఎట్లా పోతుంది? ఏ కంపెనీ బండి అయినా, ఏ మోడల్ అయినా ఈ ప్రశ్నతో బయల్దేరితే దారి కనిపిస్తుంది.

మొదటి మెట్టు లోపలికి పోవడం. రిమోట్ ఎంత నున్నగా, బొత్తాలతో ఉన్నా, దాని కడుపులో చాలావరకు ఒక ఇనుప తాళంచెవి దాగి ఉంటుంది. పక్కనో వెనకో చిన్న మీట ఉంటుంది, దాన్ని జరిపి లాగితే బయటికొస్తుంది. డ్రైవరు తలుపు పిడి దగ్గర తాళంరంధ్రం ఉంటుంది. కొన్ని బండ్లలో అందం కోసం దాని మీద ప్లాస్టిక్ మూత పెడతారు, పిడి అడుగున చిన్న గాడిలో తాళంచెవి కొన దూర్చి మెల్లగా లేపితే అది ఊడివస్తుంది. మా వాడికి ఆ బండి కొని ఏళ్లయినా రిమోట్‌లో చెవి ఉందని తెలియదు. చేతిలో పెడితే ఆశ్చర్యంగా తిప్పి తిప్పి చూశాడు.

తలుపు తెరిచాక ముందు డ్రైవరు సీటు పక్కన, కింద చూడాలి. చాలా చిన్న కార్లలో అక్కడ డిక్కీ బొమ్మ ఉన్న మీట ఉంటుంది. దాని వెనక ఉక్కు తీగ ఒక గొట్టంలోంచి డిక్కీ దాకా పోతుంది. సైకిలు బ్రేకులో ఉండేదీ అదే తీగ. బౌడెన్ అనే ఆయన 1896లో పేటెంటు తీసుకున్నందుకు దాన్ని బౌడెన్ కేబుల్ అంటారు. మీట లాగితే తీగ, తీగ లాగితే నాలుక. బ్యాటరీతో నిమిత్తం లేదు. ఈ మీట ఉన్నవాళ్లకు ఈ వ్యాసం ఇక్కడితో అయిపోయినట్టే. మరికొన్నింట్లో డిక్కీకే తాళంరంధ్రం ఉంటుంది. 2014లో తయారీ ఆగిపోయిన అంబాసిడర్‌కు డిక్కీ పిడి తిప్పితే చాలు, దాని తాళానికి బ్యాటరీ ఊసే పట్టదు.

మీటా లేదు, రంధ్రమూ లేదు. మా వాడి బండి ఆ రకం. అట్లాంటప్పుడు వెనక సీటు వంచాలి. సీటు వీపు పైభాగంలో రెండు చివర్లా చిన్న గుబ్బలో పట్టీలో ఉంటాయి. అవి లాగితే సీటు ముందుకు వాలుతుంది, డిక్కీలోకి దారి పడుతుంది. కొన్ని సెడాన్లలో ఆ గుబ్బలు కూడా డిక్కీ లోపలే పెట్టారు. అట్లాంటి బండి కొనేటప్పుడే అడిగి తెలుసుకోవాలి. మా వాడు టార్చి నోట్లో పట్టుకుని, దిండ్లూ చాపా పక్కకు నెట్టి, పాకుతూ లోపలికి పోయాడు.

"ఏం కనబడతాండాది?"

"నల్ల ప్లాస్టిక్ పలక, తాతా."

"నడిమధ్యలో, కింది అంచు దగ్గర, అగ్గిపెట్టెంత మూత ఏమన్నా ఉందా?"

"ఉంది... ఉంది! గోరు దూరే గాడి ఉండాది."

ఆ మూత తీస్తే లోపల తెల్లటి చిన్న మీట. అదే నాలుక తోక. స్క్రూడ్రైవరు కొనతో పక్కకు నెట్టాడు. ఠక్ అంది, డిక్కీ తలుపు పైకి లేచింది, వాడి ముఖం మీద చింతామణి ఎండ పడింది. బండితో ఇచ్చే పుస్తకంలో ఈ మూత బొమ్మ వేసి ఉంది. ఆ పుస్తకం సీలు కూడా చింపకుండా డ్యాష్‌బోర్డు అరలో ఉంది. ఇళ్లల్లో పంచాంగం ఎంత శ్రద్ధగా చూస్తామో, ఆ పుస్తకంలో ఈ ఒక్క పేజీ అంత శ్రద్ధగా చూడమని నా మనవి.

ఆ తెల్ల మీటను అక్కడ పెట్టిన ఇంజనీరు ఎవరో తెలియదు గానీ, కరెంటు లేని రోజు గురించి ముందే తలచినవాడు. అట్లా తలచడంలో మా నేలకు ఒక పెద్ద గురువున్నారు. చిక్కబళ్లాపురం పక్కన ముద్దేనహళ్లిలో పుట్టిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారు. వాళ్ల పూర్వీకులు ఆంధ్రదేశంలోని మోక్షగుండం నుంచి వచ్చినవాళ్లు. పుణె దగ్గర ఖడక్‌వాస్లా జలాశయానికి 1903లో ఆయన వేయించిన తలుపులు ఇంజనీర్లందరూ చెప్పుకునేవి. వరద ఏ నడిరాత్రి వస్తుందో తెలియదు, కాపలా మనిషి నిద్రపోవచ్చు, దారి తెగిపోవచ్చు. అందుకని నీరు నిండుమట్టం దాటగానే ఆ నీటి బలంతోనే తలుపులు తెరుచుకునేట్టు, మట్టం తగ్గగానే వాటంతట అవే మూసుకునేట్టు చేశారు. ఆవిరి అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. తర్వాత గ్వాలియర్ దగ్గర తిగ్రాలోనూ, కృష్ణరాజసాగరంలోనూ ఆ పద్ధతే పెట్టారు. ఏ ప్రమాదం కోసం తలుపు పెట్టామో ఆ ప్రమాదపు వేళ అది పరాయి శక్తి కోసం ఎదురుచూడకూడదన్న ఆలోచన అది. కారు బానెట్‌ను ఈనాటికీ ఎక్కువ కంపెనీలు తీగతోనే ఉంచడం కూడా ఈ ఆలోచనకు సరిపోతుంది. బ్యాటరీ ఉండే గది బ్యాటరీ మీద ఆధారపడితే ఎట్లా? బ్యాటరీని డిక్కీలో పెట్టిన కార్లకైతే బానెట్ కింద ఎర్ర మూతతో ఒక ధన ధ్రువం, పక్కనే ఇంజను ఇనుముకు బిగించిన రుణ ధ్రువం ఇచ్చి ఉంటారు. బయటినుంచి కరెంటు అక్కడ ఇస్తే డిక్కీ తెరుచుకుంటుంది.

బయటినుంచి కరెంటు అంటే ఏది? పక్కింటి కారు ఉత్తమం. ట్రాక్టరు బ్యాటరీ కూడా సాధారణంగా 12 వోల్టులదే, మా పల్లెల్లో అది ఎప్పుడూ అందుబాటులో ఉంటుంది. రహదారి మీద ఆగినప్పుడు లారీ డ్రైవర్లు పాపం మంచి మనసుతో సాయానికి వస్తారు. వద్దనాలి. పెద్ద లారీలకూ బస్సులకూ చాలావరకు రెండు బ్యాటరీలు వరసగా కలిపి 24 వోల్టులు ఉంటాయి. అది కారుకిస్తే డిక్కీ సంగతి అటుంచి, లోపలి కంప్యూటర్లు కాలిపోవచ్చు. ఎలక్ట్రిక్ స్కూటర్ నడిపే పెద్ద బ్యాటరీ జోలికీ పోవద్దు, దాని వోల్టులు వేరు.

పెట్రోలు స్కూటరు బ్యాటరీ 12 వోల్టులదే. అది కారు ఇంజన్ని తిప్పలేదు గానీ మనకు కావలసిన 30 జౌళ్లు అలవోకగా ఇస్తుంది. ఒక జాగ్రత్త ఉంది. దాన్ని నేరుగా దిగిపోయిన పెద్ద బ్యాటరీకి తగిలిస్తే, ఉన్న కరెంటంతా ఆ పెద్దది తాగేస్తుంది, తీగలు వేడెక్కుతాయి. కాబట్టి ముందు కారు బ్యాటరీ రుణ ధ్రువం నుంచి క్లాంపు విప్పి పక్కకు పెట్టాలి. స్కూటరు బ్యాటరీ రుణాన్ని ఆ విప్పిన క్లాంపుకు, ధనాన్ని కారు ధన క్లాంపుకు తగిలించాలి. ఇప్పుడు పెద్ద బ్యాటరీ వలయంలో లేదు. డిక్కీ బటన్ నొక్కి, తెరుచుకోగానే తీగలు తీసేయాలి. సెల్ఫ్ ముట్టుకోకూడదు. అలారం మోగితే కంగారు పడొద్దు, బండికి ప్రాణం వచ్చిందన్నమాట. ధన రుణాలు తారుమారు కాకుండా ఒకటికి రెండుసార్లు చూసుకోవాలి. చేయి తిరగనివాళ్లు మెకానిక్‌ను పిలవడమే మేలు.

అసలు జంపు చేసేటప్పుడు వరస ఇది. ఎర్ర కేబులు మొదట దిగిపోయిన ధనానికి, రెండో కొన మంచి ధనానికి. నల్లది మంచి బ్యాటరీ రుణానికి, దాని చివరి కొన దిగిపోయిన బండి ఇంజను ఇనుముకు, బ్యాటరీకి దూరంగా. ఆ దూరం ఎందుకంటే, బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వాయువు వస్తుంది. గాలిలో అది నూటికి నాలుగు పాళ్లున్నా నిప్పురవ్వకు అంటుకుంటుంది. చివరి కొన తగిలించేటప్పుడు చిన్న రవ్వ తప్పదు. ఆ రవ్వ బ్యాటరీ మూతి దగ్గర పడకూడదు. పడితే బ్యాటరీ పగిలి ఆమ్లం కళ్లలోకి చిమ్మవచ్చు. బీడీ తాగుతూ చూడటానికి వచ్చేవాళ్లను కూడా అందుకే పంపేయాలి.

ఇంకో అపోహ ఉంది. రిమోట్ పలకకపోతే కారు బ్యాటరీయే పోయిందని కంగారు పడతారు. రిమోట్‌లోని రూపాయి బిళ్లంత సెల్ అయిపోయి ఉండవచ్చు. హజార్డ్ లైట్లు నొక్కి చూడండి, అవి జోరుగా వెలిగితే తప్పు రిమోట్‌ది. బటన్‌తో స్టార్టయ్యే కార్లలో సెల్ అయిపోయిన రిమోట్‌ను కూడా స్టార్ట్ బటన్‌కు ఆనించి పట్టుకుంటే చాలావరకు బండి గుర్తుపడుతుంది. కారులోని తీగచుట్ట అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తుంది, రిమోట్‌లోని బుల్లి చుట్టలో దానివల్ల కరెంటు పుడుతుంది, ఆ కాస్తతోనే చిప్పు తన గుర్తు చెబుతుంది. 1831లో ఫారడే కనుక్కున్న ప్రేరణ ఇది. బాగేపల్లి టోల్‌గేటు దగ్గర అద్దానికి అంటించిన ఫాస్టాగ్‌లో కూడా బ్యాటరీ లేదు. గేటు పంపే రేడియో తరంగాల శక్తినే తీసుకుని బదులు చెబుతుంది.

ఒక్క విషయంలో మాత్రం ఈ తాపీ దారులేవీ పనికిరావు. డిక్కీలో గానీ కారులో గానీ పసిబిడ్డ చిక్కుకుంటే పుస్తకం తిరగేయొద్దు, మెకానిక్ కోసం చూడొద్దు. పక్కద్దం మూల మీద బరువైన ఇనుముతో కొట్టి పగలగొట్టండి. పక్కద్దాలు చాలావరకు చిన్న చిన్న ముక్కలుగా రాలేట్టు చేసినవి. చేయి దూర్చి తలుపు తెరిచి, వెనక సీటు వంచి బిడ్డను తీయాలి. ఎండలో మూసిన కారు నిమిషాల్లో కొలిమి అవుతుంది. అమెరికాలో 1995లో జానెట్ ఫెనెల్ అనే ఆమెను, భర్తను దొంగలు వాళ్ల కారు డిక్కీలోనే తోసి మూసేశారు. ప్రాణాలతో బయటపడ్డాక ఆమె ఊరుకోలేదు. లోపలినుంచి తెరిచే పిడి ప్రతి డిక్కీకీ ఉండాలని ఏళ్ల తరబడి పోరాడింది. 2001 సెప్టెంబరు నుంచి అక్కడ డిక్కీ ఉన్న కొత్త కార్లన్నింటికీ అది తప్పనిసరి చేశారు. చీకట్లో మెరిసే పసుపు పిడిని కొన్ని కార్లలో మీరూ చూసి ఉంటారు. మీ బండిలో ఉంటే పిల్లలకు చూపించండి. లేకపోతే దాగుడుమూతల వేళ కారు తాళం వేసి ఉంచండి.

ఎలక్ట్రిక్ కారు కొన్నాం, మాకీ బాధ లేదు అనుకునేవాళ్లకు ఒక మాట. బండిని నడిపే పెద్ద బ్యాటరీ వందల వోల్టులది కావచ్చు. తలుపులు, తాళాలు, లైట్లు, ఆ పెద్ద బ్యాటరీని కలిపే స్విచ్చులు మాత్రం చాలావరకు 12 వోల్టుల చిన్న బ్యాటరీ మీదే నడుస్తాయి. చిన్నది దిగిపోతే పెద్దది నిండుగా ఉన్నా బండి కదలదు, డిక్కీ తెరుచుకోదు.

ఊరకే నిలబెట్టిన బండి బ్యాటరీ ఎందుకు దిగుతుంది? తాళం వేసినా అలారం, రిమోట్ కోసం చెవి ఒగ్గి ఉండే రిసీవరు, గడియారం చిన్నచిన్నగా తాగుతూనే ఉంటాయి. అన్నీ కలిపి 50 మిల్లీ ఆంపియర్లు అనుకోండి. రోజుకు 1.2 ఆంపియర్ అవర్లు. చిన్న కారు బ్యాటరీ 35 ఆంపియర్ అవర్లది. నెల తిరిగేసరికి ఖాళీ. రోజంతా నడిచే డ్యాష్ కెమెరా పెట్టుకుంటే ఇంకా ముందే. మా వైపు వేసవి వేడి దాన్ని ఇంకా తొందర పెడుతుంది, వేడికి బ్యాటరీ తనంతట తాను దిగడం పెరుగుతుంది. ఇంజన్ లేపి పది నిమిషాలు వాకిట్లో ఆడిస్తే నిండిపోతుందనుకోవద్దు. చింతామణి నుంచి చిక్కబళ్లాపురం పోయి వచ్చేంత దూరం నడపాలి, పూర్తిగా దిగినదైతే ఛార్జరు పెట్టించడమే సరి.

వారాల తరబడి కదపని బండికి రుణ క్లాంపు విప్పేయడం మంచి అలవాటే. విప్పేముందు ఇనుప తాళంచెవితో డ్రైవరు తలుపు తిరుగుతుందో లేదో చూసుకోండి. ఏళ్లుగా వాడని రంధ్రం దుమ్ము పట్టి బిగుసుకుపోతుంది. నూనె పోస్తే దుమ్ము ఇంకా అంటుకుంటుంది. చెవి పళ్ల మీద మెత్తటి పెన్సిలు బాగా రుద్ది, పది సార్లు దూర్చి తీయండి, ఆ గ్రాఫైటు పొడితో తాళం నున్నగా తిరుగుతుంది. జంపర్ కేబుళ్లు, టార్చి, చిన్న స్క్రూడ్రైవరు డిక్కీలోంచి తీసి ముందు సీటు కింద పెట్టండి.